సప్పుడు ఎప్పుడొస్తది సారూ?

మనం ఆఫీసులో టెస్టర్ల మీద ఎంత విరుచుకుపడతామో మీకు తెలియంది కాదు. "పేజీ ఓపెన్ అవట్లేదు" అని ఒక్క ముక్క రాసి బగ్గుని మన నెత్తిన పడేస్తే, ఏ బ్రౌజరు, ఏ బిల్డు, ఏం నొక్కితే వచ్చింది, మళ్ళీ చేస్తే మళ్ళీ వచ్చిందా అని పది ప్రశ్నలు వేసి వెనక్కి తిప్పి పంపుతాం. అదే మనం, మన కారు తీసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి ఏమంటాం? "కింద నుంచి ఏదో సౌండ్ వస్తోందండీ." అంతే. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి జాబ్ కార్డు మీద "అండర్‌బాడీ నాయిస్" అని రాసుకుంటాడు. సాయంత్రానికి ఫోనొస్తుంది. "సార్, ఇరవై రెండు వేల నాలుగొందలవుతుంది, చేసేయమంటారా?"

ఆ రెండు మాటలకీ మధ్య ఏం జరిగింది? అసలేమైనా జరిగిందా? నా బాధంతా దాని గురించే.

ఒక సంగతి చెప్పాలి. శబ్దాల విషయంలో మన తెలుగుకి లోటేమీ లేదు. లొడలొడ వేరు, గరగర వేరు, గలగల వేరు. కీచుమంటే ఒకటి, కిర్రుమంటే ఇంకొకటి, ఠంగుమంటే మరొకటి. వదులైన రేకుది లొడలొడ. ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటే గరగర. పల్చటి రేకు పెద్ద రేకుని సన్నగా తాకుతుంటే జిర్రుమని ఒక రొద. ఇన్ని మాటలు నోట్లో పెట్టుకుని సర్వీస్ సెంటర్ గుమ్మం తొక్కగానే మనకి మిగిలేది "ఏదో సౌండ్" ఒక్కటే. ఇంగ్లీషులో చెప్పాలనే మొహమాటమో, పదిమందిలో గరగర అంటే బాగుండదనో మరి.

అమెరికాలో ఉన్నవాళ్ళూ, ఉండి వచ్చినవాళ్ళూ "కార్ టాక్" రేడియో కార్యక్రమం వినే ఉంటారు. టామ్, రే మాగ్లియోజీ అనే అన్నదమ్ములు, ఇద్దరూ ఎమ్ఐటీలో చదివినవాళ్ళే. 1977లో బోస్టన్‌లో మొదలై, 1987 నుంచి దేశమంతా వినిపించింది. 2012లో కొత్తవి చేయడం ఆపేశారు, 2014లో టామ్ పోయాడు. అందులో ఫోన్ చేసిన పెద్దపెద్దవాళ్ళు, లాయర్లూ టీచర్లూ, సిగ్గుపడకుండా తమ కారు చేసే చప్పుడుని నోటితో చేసి వినిపించేవారు. అన్నదమ్ములు పడీపడీ నవ్వేవారు. నవ్వు అయ్యాక మాత్రం మామూలు ప్రశ్నలే వచ్చేవి. ఎప్పుడొస్తుంది? వేడెక్కాకా, చల్లగా ఉన్నప్పుడా? మలుపు తిప్పితేనా? నవ్వు కోసం విన్నవాళ్ళు చాలామంది ఉండొచ్చు గానీ, అసలు పనితనమంతా ఆ ప్రశ్నల్లోనే ఉండేది.

శబ్దం ఎలా ఉందన్నది సగమే. ఎప్పుడొస్తోంది, ఎప్పుడు రావట్లేదు అన్నది మిగతా సగం, నన్నడిగితే పెద్ద సగం. మనందరి మెయిల్ బాక్సుల్లోకీ ఒకప్పుడు తిరిగి తిరిగి వచ్చిన ఫార్వర్డ్ ఒకటుంది కదా, వెనిలా ఐస్‌క్రీమ్ కొంటే స్టార్ట్ కాని పాంటియాక్ కారు కథ. వేరే ఏ ఐస్‌క్రీమ్ కొన్నా స్టార్ట్ అవుతుంది, వెనిలా కొంటే మాత్రం మొరాయిస్తుంది. చివరికి ఇంజనీరు కనిపెట్టిందేమిటంటే, వెనిలా షాపు ముందు భాగంలోనే ఉంటుంది కాబట్టి తొందరగా కొనుక్కుని వచ్చేస్తాడు, ఇంజను చల్లబడే టైముండదు, ఇంధనం గొట్టంలో ఆవిరై అడ్డుపడుతుంది. అది కట్టుకథే, ఎన్నో రూపాల్లో తిరిగింది. అయినా మనవాళ్ళకి అంతగా ఎందుకు నచ్చిందంటే, అందులో ఇంజనీరు కస్టమర్ని పిచ్చోడనలేదు, ఇంజను మార్చేద్దామని కూడా అనలేదు. టైము నోట్ చేసుకున్నాడు.

ఇప్పుడు నా సంగతికొస్తా.

మాది బొంరాస్‌పేట. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వికారాబాద్ జిల్లా. హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. అమ్మా నాయినా అక్కడే ఉంటారు కాబట్టి నెలకి రెండుసార్లు వెళ్ళొస్తుంటాను. అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ళ మర్రిచెట్లు, మన్నెగూడ, పరిగి, ఆ తర్వాత మా ఊరి వైపు. ఆ దారి తెలిసినవాళ్ళకి కారు కింద భాగం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తాండూరు వైపు నుంచి నాపరాళ్ళ లారీలు, సిమెంటు లారీలు, కంకర టిప్పర్లు. వాటి నుంచి రాలిన ముక్కలు. వానాకాలంలో నల్లరేగడి బురద. మా మండలంలో ఒక ఊరికి రేగడి మైలారం అనే పేరు, నేల సంగతి పేరులోనే తెలుస్తుంది. ఆ బురద ఒకసారి కారు అడుగున పట్టుకుంటే ఎండి సిమెంటులా అవుతుంది, దాని వెనక తడి నిలిచి రేకుని మెల్లగా తినేస్తుంది.

పోయిన వానాకాలం చివర్లో మొదలైంది చప్పుడు. ఖాళీ డబ్బాలో చిల్లర పైసలు వేసి ఊపినట్టు. కొన్నిసార్లు జిర్రుమని సన్నగా, కొన్నిసార్లు గతుకుల్లో లొడలొడ. కారు వయసు ఎనిమిదేళ్ళు, తిరిగింది తొంభై వేలు. నగరంలోనే ఒక సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. పేరు అనవసరం, ఏది తీసుకున్నా పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. సాయంత్రం వచ్చిన ఎస్టిమేట్ ఇది: లోయర్ ఆర్మ్‌లు రెండు, లింక్ రాడ్లు రెండు, స్ట్రట్ మౌంట్లు రెండు, లేబర్, అలైన్‌మెంట్. 22,400.

"ఏది పోయిందో ఒకసారి చూపిస్తారా?" అన్నాను.

"వెహికల్ తొంభై వేలు తిరిగింది కదా సార్, ఇవన్నీ మార్చాల్సిందే."

"అది సరేనండీ. చప్పుడు వీటి వల్లే వస్తోందని ఎలా తెలిసింది?"

"సస్పెన్షన్ నాయిసే సార్. జనరల్‌గా ఇవే పోతాయి."

జనరల్‌గా! మన ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే "జనరల్‌గా మెమరీయే సార్, ర్యామ్ మార్చేద్దాం, దాంతోపాటు డిస్కులు కూడా" అని ఎవడైనా అంటే మీటింగులో వాడి గతేమవుతుందో ఊహించుకోండి. వద్దని చెప్పి కారు తెచ్చేసుకున్నాను.

తెచ్చుకున్నాను గానీ మనసు కుదుటపడలేదు. ఎందుకంటే ఆ మంగళవారం నాయినకి హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్, శుక్లం. ఆదివారం రాత్రి ఆయన్ని తీసుకురావాలి, ఆపరేషన్ అయ్యాక రెండ్రోజులుంచుకుని మళ్ళీ ఊళ్ళో దింపాలి. ఎస్టిమేట్ మీద "లోయర్ ఆర్మ్" అని రాసి ఉంది. ఆ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ నిజంగానే అరిగి ఊడితే ముందు చక్రం పక్కకి మడతపడిపోతుంది, స్టీరింగ్ మన చేతుల్లో ఉండి కూడా లేనట్టే. ఎనభై స్పీడులో, ఎదురుగా టిప్పరు వస్తుండగా అలా జరిగితే చెప్పేదేముంది.

ఆధారం లేకుండా చెప్పిన రోగనిర్ధారణతో వచ్చే అసలు ఇబ్బంది ఇదే. డబ్బులు ఎక్కువ గుంజుతారనేది చిన్న విషయం. అది నిజమైతే బండి నడపడమే తప్పు, అబద్ధమైతే ఇరవై రెండు వేలు దండగ. ఏదో తేల్చుకోవడానికి వాళ్ళు మన చేతికి ఏమీ ఇవ్వరు. అనుమానాన్ని మాత్రం ఇంటికి పంపిస్తారు, ఉచితంగా.

శనివారం పొద్దున అపార్ట్‌మెంట్ పార్కింగులో మొదలుపెట్టాను. కారు కదల్చకుండా, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, మెల్లగా యాక్సిలరేటర్ తొక్కాను. పదిహేనొందల ఆర్‌పీఎమ్ దగ్గర జిర్ర్... మొదలైంది. రెండు వేలు దాటాక ఆగిపోయింది. వదిలాను, దిగుతున్నప్పుడు పదిహేనొందల దగ్గర మళ్ళీ జిర్ర్. పదిసార్లు చేస్తే పదిసార్లూ అంతే.

దీని అర్థమేమిటో చూడండి. కారు కదలట్లేదు. చక్రాలు తిరగట్లేదు. సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడట్లేదు. అయినా చప్పుడు వస్తోంది. అంటే ఈ చప్పుడుకి లోయర్ ఆర్మ్‌తో, లింక్ రాడ్‌తో, బేరింగుతో, బ్రేకుతో సంబంధం లేదు. ఒక్క నిమిషం పరీక్షతో సగం కోడ్‌బేస్ అవతల పడేసినట్టయింది. ఇంజనుతో పాటు అదిరేవీ, దానికి తగిలించి ఉన్నవీ మాత్రమే మిగిలాయి. ఒక నిర్దిష్టమైన వేగం దగ్గరే రావడం చూస్తే ఏదో పల్చటి వస్తువు ఆ అదురుకి తాళం వేస్తోందని తెలుస్తూనే ఉంది. ఈ పరీక్షకి లిఫ్ట్ అక్కర్లేదు, స్కానర్ అక్కర్లేదు, ట్రైనింగ్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ఎస్టిమేట్ రాసేముందు ఎవరూ ఎందుకు చేయలేదో దేవుడికే తెలియాలి.

అయితే గతుకుల్లో వచ్చే లొడలొడ సంగతి ఇంకా తేలలేదు. దాన్ని పార్కింగులో రప్పించలేను. బాల్ జాయింట్ అనుమానం అలాగే ఉంది. ఒక్కణ్ణే, యాభై దాటకుండా, పరిగి దాకా వెళ్ళాను. అక్కడ ఊరి చివర ఒక మెకానిక్ షెడ్డు ఉంది, మా తమ్ముడి ట్రాలీ ఆటో అక్కడే రిపేరుకిస్తాడు. రేకుల షెడ్డు, ముందు ఒక గుంట, గోడకి పాత టైర్లు.

నేను "అన్నా, కింద చప్పుడొస్తుంది" అనగానే ఆయన బండి వైపు కూడా చూడలేదు.

"సప్పుడు ఎప్పుడొస్తది సారూ?"

"ఎప్పుడంటే..."

"సల్లగున్నప్పుడా, ఏడెక్కినంకనా? బ్రేకు కొడితె బందైతదా? సక్కగ పోతాంటె వస్తదా, మలుపుతాంటెనా?"

నేను పార్కింగులో చూసింది చెప్పాను. ఆయన తలూపి, "అది ఒకటి. గతుకుల్ల వచ్చేది ఇంకోటి అయితది. రెండు కలిపి ఒకటే అనుకుంటున్నరు" అన్నాడు.

ఈ ఒక్క మాట కోసం నేను ఆయనకి పది మార్కులు వేస్తాను. ఒకే లక్షణానికి ఒకే కారణం ఉంటుందని మనం ఎప్పుడూ ఎందుకనుకుంటామో గానీ, రెండు బగ్గులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఒకే ఎర్రర్ మెసేజీ చూపించడం మనలో ప్రతివాడూ అనుభవించిందే. ఒకటి సరిచేసి "ఇంకా వస్తోంది" అని విసుగొచ్చి, చేసిన సరైన మార్పుని కూడా వెనక్కి తీసేసిన సందర్భాలు ఎన్ని చూశామో.

బండిని గుంట మీదకి ఎక్కించి, సైలెన్సర్ చల్లారేదాకా టీ తాగాం. తర్వాత ఆయన గుంటలోకి దిగి, గుడ్డ చుట్టిన చేత్తో ముందు నుంచి వెనక్కి ఒక్కొక్క భాగాన్నీ గుద్దుకుంటూ వచ్చాడు. గుద్ది, ఆగి, వింటాడు. మధ్యలో ఒకచోట జిర్ర్ అంది. సైలెన్సర్ గొట్టానికీ కారు అడుగుకీ మధ్య అల్యూమినియం రంగు రేకు ఒకటుంటుంది, హీట్ షీల్డ్ అంటారు. దాన్ని పట్టుకునే బోల్టు చుట్టూ రేకు తుప్పు తిని చిరిగిపోయింది. రేకు వదులై గొట్టాన్ని తాకుతోంది.

"పీకేద్దమా సారూ? చానమంది పీకేయిస్తరు. సప్పుడు బందైతది."

ఇక్కడ మాత్రం నేను ఆయనతో ఏకీభవించలేదు. ఆ రేకు అలంకారానికి పెట్టింది కాదు. ఎగ్జాస్ట్ వ్యవస్థ, ముఖ్యంగా అందులోని కెటలిటిక్ కన్వర్టర్, కొన్ని వందల డిగ్రీల వేడెక్కుతుంది. ఆ వేడి కారు అడుగుకీ, పక్కనుంచి పోయే వైర్లకీ గొట్టాలకీ తగలకుండా ఆపేది ఆ రేకే. పైగా మా వైపు కోతలయ్యాక కందికట్టె, జొన్న రోడ్డు మీదే పరుస్తారు, వచ్చేపోయే బండ్లతో తొక్కించి గింజ రాలగొట్టుకోవడానికి. ఆ ఎండుకట్టె కారు కింద ఇరుక్కుని వేడి గొట్టానికి అంటుకుంటే నిప్పు పుట్టడం ఎంతసేపు? షీల్డ్ పీకేస్తే చప్పుడు పోతుంది నిజమే. అలర్ట్ మ్యూట్ చేస్తే అలర్ట్ కూడా పోతుంది. మనలో కొందరు రాత్రి రెండింటికి చేసే పనే అది, చేసి హాయిగా పడుకుంటారు.

"పీకొద్దన్నా, కట్టేయ్" అన్నాను. పెద్ద స్టీలు క్లిప్పు ఒకటి, గొట్టాలకి బిగించేది, షీల్డ్ చుట్టూ వేసి స్క్రూ బిగించాడు. అరవై రూపాయలు. ఇంజను స్టార్ట్ చేసి పదిహేనొందల దగ్గర పట్టుకున్నాను. ఏమీ లేదు. క్లిప్పు వదులు చేయించాను. జిర్ర్. మళ్ళీ బిగించాడు, పోయింది. వదులు చేయమన్నప్పుడు నా వైపు చూసిన చూపు మర్చిపోలేను గానీ, రెండు వైపులా చూడకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇక రెండోది. షెడ్డుకి కొంచెం అవతల స్పీడ్ బ్రేకర్ ఉంది. మొదట నిటారుగా, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నడపమన్నాడు. చప్పుడు లేదు. తర్వాత ఏటవాలుగా, ఎడమ చక్రం ముందు ఎక్కేలా. టక్. మళ్ళీ అలాగే, టక్. కుడి చక్రం ముందు ఎక్కిస్తే ఇంకోలా, కొంచెం తక్కువ.

దీని వెనకున్న లెక్క చాలా అందంగా ఉంటుంది. రెండు ముందు చక్రాలనీ కలుపుతూ అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, మలుపుల్లో బండి ఒరిగిపోకుండా. దాని రెండు చివరలనీ చక్రాల వైపు పట్టి ఉంచేవే లింక్ రాడ్లు. రెండు చక్రాలూ కలిసి పైకి లేస్తే ఆ కడ్డీ ఊరికే తిరుగుతుంది, మెలిక పడదు, లింక్ రాడ్ల మీద పెద్దగా బలం పడదు. ఒక చక్రం లేచి ఒకటి లేవకపోతేనే కడ్డీ మెలిక పడి లింక్ రాడ్‌ని లాగుతుంది. అప్పుడు దాని చివరి కీలు అరిగి ఉంటే టక్కుమంటుంది. చూశారా, ఒక్క స్పీడ్ బ్రేకర్, రెండు రకాలుగా ఎక్కించడం, అంతే. మా నాయిన అన్నట్టు ఖర్చు లేని ముచ్చట.

మళ్ళీ గుంట మీదకి ఎక్కించాక నన్నూ కిందికి రమ్మన్నాడు. ఎడమ లింక్ రాడ్ పట్టుకుని ఊపితే నా చేతికే తెలిసింది ఆట. కుడిది గట్టిగా ఉంది. తర్వాత ముందు చక్రాలు నేలకి ఆనకుండా జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి (ఉత్త జాకీని నమ్మి బండి కింద దూరకండి, దయచేసి), పొడుగు రాడ్డు ఒకటి సందులో పెట్టి లోయర్ ఆర్మ్‌ల మీద బలమంతా వేశాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. రెండు వైపులా బాల్ జాయింట్లలో ఏ కదలికా లేదు. బుష్షుల్లో చిన్న పగుళ్ళున్నాయి, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

ఎస్టిమేట్‌లో ఉన్న ఆరు భాగాల్లో ఒకటి నిజంగానే పోయింది. న్యాయంగా చెప్పాలి కదా, అది వాళ్ళ లిస్టులో ఉంది. మిగతా ఐదూ బాగానే ఉన్నాయి, మొదటి చప్పుడుకి అసలు కారణమైన షీల్డ్ లిస్టులోనే లేదు. 22,400 కట్టి ఉంటే గతుకుల టక్ పోయేది, జిర్ర్ అలాగే ఉండేది, రెండోసారి వెళ్తే ఇంజను మౌంటింగులు మార్చాలనేవారేమో.

నాయినకి ఫోన్ చేసి అంతా వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని, "సప్పుడు బందయ్యిందా లేదా గది చెప్పు. లేకుంటె నేను బస్సుల వస్త" అన్నాడు. ఆదివారం రాత్రి కారులోనే వచ్చాడు, మన్నెగూడ దాకా నిద్రపోయాడు.

అయితే ఇదంతా చదివి కారు కింద చప్పుళ్ళన్నీ అరవై రూపాయల క్లిప్పుతో పోతాయనుకుంటే మాత్రం నా కొంప మునుగుతుంది. కొన్ని విన్న వెంటనే బండి ఆపాలి. బ్రేకు తొక్కితే గరగర మంటే ప్యాడ్ మీది పదార్థం అయిపోయి, దాని వెనకున్న ఇనుము డిస్కుని గీకుతోందన్నమాట. అంతకుముందే చాలా బండ్లు హెచ్చరిస్తాయి. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చేసరికి దానికున్న చిన్న రేకు నాలుక డిస్కుని తాకి కీచుమంటుంది. కావాలని పెట్టిన రొద అది, ఎవరో ఇంజనీరు మన కోసం రాసిన వార్నింగ్. దాన్ని మనం పాటల సౌండు పెంచి వింటాం. టైరు మార్పించిన రెండ్రోజులకే వేగంతో పాటు పెరిగే టకటక వస్తే ముందు చక్రం నట్లు చూసుకోండి. టక్కుతో పాటు స్టీరింగ్ దానంతటది అటూ ఇటూ లాగుతుంటే ఇక నడపొద్దు, ఎత్తించుకుని తీసుకెళ్ళండి.

దీనికి ఉల్టా కూడా ఉంది. చక్రం దగ్గర చెవులు చిల్లులు పడేలా రంపం కోసినట్టు చప్పుడొస్తే గుండె జారిపోతుంది, తీరా చూస్తే బ్రేకు డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య కంకర రాయి. మా తాండూరు, పరిగి దారుల్లో తిరిగేవాళ్ళకి ఇది మామూలే. నాలుగడుగులు రివర్స్ చేస్తే చాలాసార్లు రాలిపోతుంది. బేరింగు పోతే ఇనుప చప్పుడు కాదు, హుమ్మని రొద, గేరు మార్చినా మారదు, వేగంతోనే పెరుగుతుంది. ముందు చక్రాలతో నడిచే బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకి పోనిస్తే టిక్ టిక్ టిక్ అంటే చక్రం దగ్గరి సీవీ జాయింట్, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటుంది. చెవికి భయంకరంగా వినిపించేదీ నిజంగా ప్రమాదకరమైనదీ ఒకటి కావాలని లేదు. అందుకే వినడమూ, వెతకడమూ ఒక పని. విడిగా, దానంతటది ఒక పని.

నా అసలు గొడవ ఇక్కడికొచ్చింది. ఆ పనికి మనం డబ్బులివ్వం.

పరిగి మెకానిక్ మా బండి మీద దాదాపు రెండు గంటలు గడిపాడు. బిల్లు అడిగితే క్లిప్పు అరవై, లింక్ రాడ్ ఏడొందలు, బిగించినందుకు నూటయాభై అన్నాడు. "వెతికినందుకు?" అన్నాను. "దానికేం పైసలు సారూ" అని నవ్వాడు. బలవంతంగా ఐదొందలు ఎక్కువిచ్చాను. అది కూడా టిప్పనే అనుకున్నాడు, ఫీజనుకోలేదు. రాడ్ బిగించడానికి ఇరవై నిమిషాలు, అది ఏ పిల్లాడైనా చేస్తాడు. ఆ రాడ్డే అని తేల్చడానికి గంటన్నర, దానికి విలువ సున్నా.

సర్వీస్ సెంటర్ల లెక్క కూడా ఇదే, కాకపోతే పెద్ద స్థాయిలో. అక్కడ ఆదాయం పార్టుల మీద, పార్టు మార్చిన లేబర్ మీద. వెతికినందుకు గంటకింత అని అడిగితే మనం ఊరుకోం. "చూసినందుకే ఐదొందలా!" అని గొడవపడి, రివ్యూలో ఒక్క స్టార్ ఇచ్చి వస్తాం. అదే మనిషి ఆరు పార్టులు మార్చి ఇరవై రెండు వేలంటే బేరమాడి ఇరవై ఇచ్చి, రెండు వేలు మిగిలాయని సంతోషిస్తాం. వెతకడానికి కూలి లేనిచోట వెతికేవాడు మిగలడు, మార్చేవాడే మిగులుతాడు. వాళ్ళని దొంగలనడం నాకిష్టం లేదు. మనం కొనేదే వాళ్ళు అమ్ముతున్నారు.

డాక్టరు దగ్గర మనకి ఈ పేచీ లేదు. కన్సల్టేషన్ ఫీజు వేరు, మందుల ఖర్చు వేరు. స్టెతస్కోపు పెట్టి విని "ఏం లేదు, వెళ్ళండి" అన్నా ఫీజు కట్టి ఆనందంగా వస్తాం. లెనెక్ అనే డాక్టరు 1816లో పారిస్‌లో కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు, స్టెతస్కోపు పుట్టుక అదే. మన మెకానిక్కులు పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారు. పద్ధతి ఒకటే, గౌరవమే వేరు. రైల్వే వాళ్ళు కూడా ఈ విషయంలో మనకంటే నయం. చిన్నప్పుడు వికారాబాద్ జంక్షన్‌లో బండి ఆగగానే పొడుగు సుత్తి పట్టుకున్నాయన ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి వింటూ పోవడం చూసేవాణ్ణి. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది బొద్దుగా పలుకుతుంది. ఆయన చక్రాలు మార్చడు. వినడమే ఆయన ఉద్యోగం, దానికే జీతం.

ఇక మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి చెప్పేదేముంది. మూడు రోజులు లాగులు చదివి, ఒక్క లైను మార్చి, మూడు రోజుల టైమ్‌షీట్ నింపుతాం. క్లయింటు "ఒక్క లైనుకి మూడు రోజులా" అంటే మనకి ఎంత కోపమొస్తుందో, ఆ ఒక్క లైను ఎక్కడుందో తెలుసుకోవడమే పని అని ఎంత పెద్ద మెయిలు రాస్తామో గుర్తుచేసుకోండి. ఆ మెయిలే ప్రింటు తీసి కారు గ్లవ్ బాక్సులో పెట్టుకుంటే బాగుండు.

అందుకని నేను చేసేది ఇది. బండి ఇచ్చేటప్పుడు చప్పుడు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు రాదో కాగితం మీద రాసిస్తాను. ఫోనులో రికార్డు చేసి వినిపిస్తాను. "ముందు వెతకండి, వెతికినందుకు విడిగా తీసుకోండి, పోయిన పార్టు బండి మీద ఉండగానే నాకు చూపించండి, తర్వాతే మార్చండి" అని అడుగుతాను. చిన్న షెడ్లలో దీనికి అభ్యంతరం చెప్పినవాళ్ళు లేరు, వింతగా చూసినవాళ్ళున్నారు.

మొన్న అదే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను, ఆయిల్ మార్పించాల్సి వచ్చి. పనిలో పనిగా అడిగాను, బుష్షులు ఒకసారి చూసి చెప్పడానికి మాత్రం ఎంత తీసుకుంటారని. ఆ అమ్మాయి కాసేపు కీబోర్డు టకటకలాడించింది.

"చూడ్డానికి మాత్రం అంటే అలాంటి కోడ్ మా సిస్టంలో లేదు సార్. ఏదో ఒక పార్ట్ సెలెక్ట్ చేస్తేనే జాబ్ కార్డు ఓపెన్ అవుతుంది."

"మరి చూడ్డం ఎలాగండీ?"

"జనరల్ చెకప్ అని ఉంది సార్, అందులో వేస్తాను. అది ఫ్రీ."